పేజీకీ పేజీకీ నడుమ: పాత లేజర్ ప్రింటర్ కథ

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని గుండ్లపోచంపల్లి చుట్టుపక్కల, కండ్లకోయ, మైసమ్మగూడ, దూలపల్లి వైపు ఇంజనీరింగ్ కళాశాలలు దగ్గరదగ్గరగా వెలిశాయి గనుక, చివరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టులు సమర్పించే రోజుల్లో అలాంటి చోట జిరాక్స్ షాపుల మీద పడే పని మిగతా రోజుల పనికి స్వభావంలోనే భిన్నంగా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆధార్ ప్రతి, దరఖాస్తు, హాల్‌టికెట్ వంటి ఒకటి రెండు పేజీలతో పని తీరిపోతుంది. రిపోర్టు అయితే అరవై డెబ్బై పేజీలుంటుంది, దానికి నాలుగైదు ప్రతులు కావాలి, పైగా పేజీ పేజీకీ స్క్రీన్‌షాట్లుంటాయి. ఒక పేజీ అడిగితే పది సెకన్లలో చేతికిచ్చే పాత లేజర్ ప్రింటరే ఇలాంటి రిపోర్టు అందగానే రెండు పేజీలిచ్చి ఆగడం, మళ్లీ కదలడం, మళ్లీ ఆగడం మొదలుపెడుతుంది. అప్పుడు అనుమానం ముందుగా కార్ట్రిడ్జ్ మీదికి పోతుంది గాని, టోనర్ తగ్గితే అక్షరం పలచబడుతుందే తప్ప వేగం తగ్గదు. ఆ ఆగడానికి మూలం యంత్రపు పుట్టుకలోనే ఉంది.

1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని అస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ తీసిన మొదటి పొడి నకలుతో ఈ విద్య ఆరంభమైంది. వెలుగు పడిన చోట విద్యుదావేశాన్ని వదిలేసే పూత గల డ్రమ్ము మీద అక్షరాల రూపం ఆవేశంగా ఏర్పడుతుంది. దానికి టోనర్ అనే నల్లని పొడి అంటుకుంటుంది. ఆ పొడి కాగితం మీదికి మారి, ఫ్యూజర్ అనే వేడి భాగంలో కరిగి అతుక్కుంటుంది. జిరాక్స్ సంస్థలో పనిచేస్తున్న గ్యారీ స్టార్క్‌వెదర్ 1960ల చివర వేసుకున్న ప్రశ్న ఏమిటంటే, అసలు కాగితపు ప్రతిబింబాన్ని డ్రమ్ము మీద పడేయడానికి బదులు, కంప్యూటర్ చెప్పినట్లు వెలుగుతూ ఆరుతూ పోయే లేజర్ కిరణంతో ఆ రూపాన్ని నేరుగా ఎందుకు రాయకూడదని. పైవారి ప్రోత్సాహం దొరకక ఆయన 1971లో అదే సంస్థ పాలో ఆల్టోలో నెలకొల్పిన పరిశోధన కేంద్రానికి మారి, అక్కడ ఆ ఆలోచనను యంత్రంగా నిలబెట్టాడు.

కిరణాన్ని డ్రమ్ము పొడవునా అడ్డంగా నడిపించేది వేగంగా తిరిగే బహుముఖ దర్పణం. దాని ఒక్కొక్క ముఖం ఒక్కొక్క గీతను రాస్తుంది. ఆ దర్పణం ఎవరి కోసమూ ఆగదు, డ్రమ్ము ఆగదు, లోపలికి వెళ్లిన కాగితమూ సగంలో ఆగదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు సమాచారం ఆలస్యమైతే దాని తల ఉన్నచోటే నిలిచి తరువాతి వరుస కోసం ఎదురుచూడగలదు. లేజర్ ప్రింటర్‌కు ఆ వీలు లేదు. అందుకే పాలో ఆల్టోలో దర్పణం, లేజర్ సిద్ధమైనంత మాత్రాన పని పూర్తికాలేదు. ఆ కిరణానికి క్షణం తప్పకుండా చుక్కలు అందించే అక్షరజనకం అనే విడి పరికరాన్ని అదే కేంద్రంలోని రాన్ రైడర్, బట్లర్ లాంప్‌సన్ రూపొందించవలసి వచ్చింది. చుక్కలను వేళకు అందించడమే ఈ యంత్రానికి పుట్టుకతో వచ్చిన కష్టం. నేటి దుకాణంలోని నత్తనడక కూడా చాలావరకు దాని వారసత్వమే.

1977లో వెలువడిన జిరాక్స్ 9700 నిమిషానికి 120 పేజీలు ముద్రించేది గాని అది పెద్ద సంస్థలకే అందే యంత్రం. బల్ల మీదికి లేజర్ ప్రింటర్‌ను తెచ్చినది కెనాన్ తయారుచేసిన చిన్న ఇంజను. దానితోనే హెచ్‌పీ 1984లో తొలి లేజర్‌జెట్‌ను 3,495 డాలర్లకు విడుదల చేసింది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఒక ఏ4 పేజీకి దాదాపు 87 లక్షల చుక్కలు కావాలి, అంటే సుమారు 11 లక్షల బైట్లు. ఆ ప్రింటర్ జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు, అందులో ఎనిమిదో వంతు మాత్రమే. అయినా అది నిమిషానికి 8 పేజీలు ఇవ్వగలిగిందంటే, ఆంగ్ల అక్షరాల రూపాలు ముందే దానిలో నిక్షిప్తమై ఉండడం వల్ల, పేజీకి రెండు మూడు వేల బైట్ల సంకేతాలు అందితే చాలు, మిగిలినది అదే పేర్చుకునేది. తెలుగుకు ఆ సౌకర్యం లేదు. గుణింతాలూ ఒత్తులూ గల మన లిపి ఆ యంత్రాల్లో లేదు గనుక, తెలుగు పేజీకి ఫాంటునైనా ముందుగా ప్రింటర్‌లోకి దింపాలి, లేదా పేజీనంతా బొమ్మగా పంపాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలూ కరపత్రాలూ కూర్చిన డీటీపీ కేంద్రాలు మోసిన ఈ అదనపు భారం తక్కువదేమీ కాదు.

1985 నాటి ఆపిల్ లేజర్‌రైటర్ పేజీని చుక్కలుగా మార్చే లెక్కలన్నీ తానే చేసుకునేది. దాని లోపలి ప్రాసెసర్ దానికి పనిచెప్పే మాకింటోష్ కంటే వేగవంతమైనది. తరువాత కంప్యూటర్లు బలపడగా ఆ మేధను ప్రింటర్ నుంచి తీసేసి ధర తగ్గించారు. మన ఊళ్లలో ఇప్పటికీ కనబడే కెనాన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఈ తరానివే: రెండింటిలోనూ జ్ఞాపకశక్తి 2 మెగాబైట్లే, పేజీ లెక్కలన్నీ కంప్యూటరే చేసి, కుదించిన చుక్కల రూపంలో పంపాలి. 1020 అయితే స్విచ్ వేసిన ప్రతిసారీ తనను లోపలి నుంచి నడిపే ఫర్మ్‌వేర్‌ను కూడా కంప్యూటర్ నుంచే దింపుకుంటుంది. అంగుళానికి 600 చుక్కల పేజీ కుదించకపోతే 43 లక్షల బైట్లు. అక్షరాల పేజీలో తెల్లదనమే ఎక్కువ కాబట్టి అది బాగా కుదించుకుపోతుంది. ఫోటో ఉన్న పేజీలో బూడిద రంగును నల్లచుక్కల దట్టమైన అల్లికగా మార్చవలసి ఉంటుంది గనుక అది అంతగా కుదించుకుపోదు.

ఎల్‌బీపీ 2900 వేగం నిమిషానికి 12 పేజీలు, అంటే పేజీకి 5 సెకన్లు. మునుపటి పేజీ పోతుండగానే తరువాతి పేజీ చుక్కలు అందితే ఆ లయ నిలుస్తుంది. అందకపోతే యంత్రం పని అయిపోయిందనుకుని డ్రమ్మును చివరిసారి తిప్పి శుభ్రం చేసుకుని, మోటారును, దర్పణాన్ని ఆపేస్తుంది. చుక్కలు వచ్చాక వాటిని మళ్లీ వేగం పుంజుకోనిచ్చి, ఫ్యూజర్‌ను వేడెక్కించి గాని కాగితాన్ని లాగదు. ఈ విధంగా కంప్యూటర్ చేసిన ఒకటి రెండు సెకన్ల ఆలస్యం కాగితం దగ్గర పది సెకన్లవుతుంది, డ్రమ్ము కూడా అనవసరంగా అరుగుతుంది.

కాబట్టి తొలి పరీక్ష, నాలుగు పంక్తులు మాత్రమే ఉన్న పేజీని పది ప్రతులు ముద్రించడం. అవి 5 సెకన్లకొకటి చొప్పున వస్తే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్లే, లోపం సమాచారం దారిలో ఉంది. ఆ దారిలో మొదట చూడవలసింది స్పూలింగ్, అంటే ముద్రణకు వెళ్లే పేజీలను డిస్కు మీద వరుసలో నిలిపే ఏర్పాటు. చివరి పేజీ స్పూల్ అయ్యాకే ముద్రణ మొదలయ్యేట్లు డ్రైవర్‌లో మార్చితే ఆరంభం ఆలస్యమైనా నడుమ విరామాలు తగ్గే అవకాశం ఉంది. పాత యూఎస్‌బీ హబ్ మీదుగా కలిపితే సెకనుకు 12 మెగాబిట్ల వేగమే దక్కవచ్చు. దానిలో సరిగా కుదించుకుపోని ఫోటో పేజీ చేరడానికే నాలుగైదు సెకన్లు పడుతుంది. ఫాంటు చెదిరిపోయే తెలుగు పీడీఎఫ్‌కు ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ ఎంచుకోవడం సరైన ఉపాయమే గాని, ఆ గుర్తు తీసేయడం మరిచిపోతే తరువాతి ఆంగ్ల రిపోర్టు కూడా పేజీకొక బొమ్మగా వెళుతుంది.

అవే పది ప్రతులు నిదానంగా వస్తే లోపం యంత్రానిది లేదా కాగితపు సెట్టింగుది. కాగితం రకం ‘దళసరి’ అని ఉంటే ఫ్యూజర్‌కు సమయమివ్వడానికి వేగం తగ్గుతుంది. కవర్లు, ఏ5 వంటి ఇరుకు కాగితాలు వరుసగా పోతే, వేడిని కాగితం తీసుకుపోని ఫ్యూజర్ అంచులు మితిమీరి వేడెక్కుతాయి గనుక యంత్రం కావాలనే విరామం ఇస్తుంది. పికప్ రోలర్ తిరిగిన చప్పుడు వచ్చి కాగితం కదలకపోతే ఆ రబ్బరు నునుపుదేరిందని అర్థం. తడిగుడ్డతో తుడిస్తే కొన్నాళ్లు పట్టు వస్తుంది, తరువాత మార్చాలి.

ప్రతుల సంగతి వేరు. ‘కొలేట్’ గుర్తు పెడితే ఒక ప్రతి పూర్తయ్యాక మరొకటి వరుసగా వస్తుంది. కానీ 2 మెగాబైట్ల యంత్రంలో రిపోర్టంతా నిలవదు గనుక ఐదు ప్రతులకు ఐదుసార్లు మొత్తం పంపవలసిందే. గుర్తు తీసేస్తే ఒక్కొక్క పేజీ ఐదేసి వస్తుంది, బరువైన పేజీ దగ్గర పడే విరామాలు తగ్గుతాయి, వరుస పేర్చే పని మాత్రం బైండింగ్ బల్ల మీదికి చేరుతుంది. ఇవన్నీ సరిచేసినా 70 పేజీల రిపోర్టు ఐదు ప్రతులంటే 350 పేజీలు. నిమిషానికి 12 చొప్పున దాదాపు అరగంట. ఆ అరగంటను తగ్గించే సెట్టింగు ఏ డ్రైవర్‌లోనూ లేదు.