గిట్టల చప్పుడు, గుర్రపు గతి: సాహసచిత్రాల వాద్యసంగీతం – మొరసునాటి కీలుగుర్రం

తెలుగులో చలనచిత్ర సంగీతంపై జరిగే పరిశోధన చాలావరకు పాటలోని సాహిత్యం దగ్గరే ఆగిపోతుంది. కవి ఎవరు, అలంకారం ఏది, ఛందస్సు ఏది అన్న విచారణ సాగినంతగా, మాట లేనిచోట వాద్యబృందం కథను ఎలా నడిపిందన్న విచారణ సాగలేదు. గుర్రం ప్రధానపాత్ర అయిన సాహసచిత్రాల విషయంలో ఈ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గుర్రం మాట్లాడదు. దాని బెదురు, పౌరుషం, పెంచినవారిపై మమకారం తెలపవలసిన భారం చాలావరకు సంగీతానిదే. ఆ భారాన్ని సంగీతం ఎలా మోస్తుందో గ్రహించడానికి తెలుగువారి చేతిలో రెండు ఆధారాలున్నాయి. ఒకటి రగడ, రెండవది మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాల ఊరేగింపుల్లో కనిపించే కీలుగుర్రం ఆట.

గుర్రం మామూలుగా నడిచేటప్పుడు గిట్టలు ఒక్కొక్కటిగా నాలుగు దెబ్బలు వేస్తాయి. ట్రాట్ అనే దుడుకు నడకలో ఎదురెదురు కాళ్లు జతగా పడతాయి కనుక రెండే దెబ్బలు వినిపిస్తాయి. కాంటర్‌లో మూడు దెబ్బలు, ఆపైన చిన్న విరామం. పూర్తి దౌడులో నాలుగు దెబ్బలు, మళ్లీ విరామం. ఆ విరామంలో నాలుగు గిట్టలూ గాలిలోనే ఉంటాయి. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో తీసిన వరుస ఛాయాచిత్రాలు ఈ సంగతిని కంటికి చూపించాయి. చలనచిత్రానికి పూర్వరంగంగా ఆ ఛాయాచిత్రాలనే పేర్కొంటారు. అంటే తెర పుట్టకముందే గుర్రం దానికోసం పరుగెత్తిందన్నమాట.

అమరకోశం అశ్వగతులను అయిదుగా చెప్పింది. వాటిలో వల్గితం ఒకటి. ఆ ధాతువే తెలుగు ఛందస్సులో ‘తురగవల్గన’ రగడ పేరులోనూ ఉంది. ఈ రగడలో పాదానికి ఎనిమిది త్రిమాత్రాగణాలు, మొత్తం 24 మాత్రలు. ఇందులో సగం, అంటే నాలుగు గణాలు మాత్రమే ఉండేది ‘హయప్రచార’ రగడ. మూడు మాత్రల నడకకు లాక్షణికులు రెండు చోట్లా గుర్రం పేరే పెట్టడాన్ని యాదృచ్ఛికమని తోసిపుచ్చలేం. కాంటర్‌లో వినిపించే దెబ్బలూ మూడే. అయితే రగడ గిట్టల చప్పుడును అనుకరించదు. గుర్రం కాంటర్‌లో తీసుకునే విరామానికి రగడలో ప్రత్యేకమైన మాత్ర లేదు. వల్గనంలోని ఊపును మాత్రమే అది పట్టుకుంటుంది. చప్పుడు వేరు, గతి వేరు అన్న ఈ వివేకమే వాద్యసంగీతంలోనూ కీలకం.

పాశ్చాత్య వాద్యబృందాలు ఈ రెండు దారులనూ తొక్కాయి. రోసినీ రచించిన ‘విలియం టెల్’ ప్రారంభసంగీతం చివరిభాగంలో రెండు హ్రస్వ స్వరాలపై ఒక దీర్ఘం వచ్చే నడక ప్రసిద్ధం. మన పరిభాషలో అది సగణం. అది గిట్టల చప్పుడుకు దగ్గరగా ఉంటుంది. వాగ్నర్ ‘వాల్కిరీల స్వారీ’ మూడు మూడుగా సాగే లయలో, ఆకాశంలో ఎగిరే గుర్రాలకోసం కూర్చినది. నేలను తాకని గుర్రానికి చప్పుడెక్కడిది? అక్కడ మిగిలేది గతి మాత్రమే.

సరిగ్గా ఈ సమస్యే తెలుగు తెరకు 1949లో ఎదురైంది. మీర్జాపురం రాజావారి దర్శకత్వంలో వచ్చిన ‘కీలుగుర్రం’లో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటించారు. సంగీతం ఘంటసాలది. ఈ చిత్రం ‘మాయక్కుదిరై’ పేరుతో తమిళంలోకీ వెళ్లింది. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి శిష్యుడిగా శాస్త్రీయ గాత్రం అభ్యసించిన సంగీతకారునికి, ఆకాశయానం చేసే కొయ్యగుర్రం కథ సంగీతదర్శకత్వపు తొలినాళ్లలోనే దక్కింది. దౌడులో గుర్రం రెప్పపాటు మాత్రమే గాలిలో ఉంటుంది. కీలుగుర్రం ఆ రెప్పపాటును యోజనాల దూరం సాగదీస్తుంది. ఇటువంటి చిత్రాన్ని పాటల జాబితాగా మాత్రమే చదివితే సగం చదివినట్టే.

సినిమా కంటే ముందునుంచీ ఈ పేరు ఊరేగింపులది. పుంగనూరు పేరెత్తగానే పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది గాని గుర్రం గుర్తుకు రాదు. అయినా ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, జాతరల్లో, ఉత్సవాల్లో గుర్రానికి చోటుంది. వెదురు, గుడ్డ, కాగితాలతో చేసిన గుర్రపు ఆకారాన్ని నడుముకు తగిలించుకుని ఆటగాడు రౌతుగా కనిపిస్తాడు. ఆడే కాళ్లు మనిషివి, కనిపించే మేను గుర్రానిది. కుప్పానికి ఇటు కన్నడసీమ, అటు తమిళసీమ. కన్నడంలో ఇది ‘కీలు కుదురె’, తమిళంలో ‘పొయ్‌క్కాల్ కుదిరై’. తమిళుల పేరు కాలిని చూసి పెట్టినది, ఆ కాలు అబద్ధపు కాలని చెబుతుంది. తెలుగు, కన్నడ నామాలు కీలును, అంటే కదిలించే యంత్రాన్ని చూశాయి. ఒకే ఆటను పక్కపక్క ఊళ్లు రెండు కోణాల నుంచి చూసినట్టు తోస్తుంది.

పేర్లలోని ఈ తేడా సంగీతానికీ వర్తిస్తుంది. ఆటగాడు కొయ్యకాళ్లపై నిలిచి ఆడినప్పుడు గిట్టల చప్పుడు ఆ కొయ్యదే. అప్పుడు పలకలు, పంబలు దాన్ని మళ్లీ చెప్పనక్కరలేదు. అవి రౌతు ఉత్సాహాన్ని, గుర్రపు మొండితనాన్ని చెప్పగలవు. సినిమాలోనూ ఇదే పని విభజన ఉంది. గిట్టల చప్పుడును శబ్దవిభాగం విడిగా తయారుచేస్తుంది. అందుకు కొబ్బరిచిప్పలు వాడటం ప్రసిద్ధమైన పాతపద్ధతి. ఆ చప్పుడు పైన వాద్యబృందం కూడా డప్పులతో దౌడు తీస్తే ఒకే మాటను రెండుసార్లు చెప్పినట్టవుతుంది. చాలా సాహసచిత్రాల్లో జరిగే పొరపాటు ఇదే.

2011లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘వార్ హార్స్’ ఈ దృష్టితో పరిశీలించదగినది. మైకేల్ మోర్పర్గో 1982లో రాసిన బాలల నవల దీనికి ఆధారం. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు రైతుబిడ్డ ఆల్బర్ట్, అతడు పెంచిన జోయీ అనే గుర్రం మొదటి ప్రపంచయుద్ధంలో విడిపోవడం కథ. జాన్ విలియమ్స్ సంగీతం ఒంటరి వేణుస్వరంతో మొదలవుతుంది. జోయీ మొదట యుద్ధాశ్వం కాదు, నాగలికి కట్టిన గుర్రం. కనుక దాని సంగీతం మొదట నేలను, పల్లెను చెబుతుంది. ఆ పునాది బలంగా పడినందువల్లే, తరువాత కందకాల మధ్య బెదిరి పరుగెత్తే గుర్రాన్ని చూసినప్పుడు ప్రేక్షకుడికి అది ఎక్కడినుంచి వచ్చిందో గుర్తుంటుంది. ఈ సంగీతం ఆస్కార్ పురస్కారానికి ప్రతిపాదితమైంది.

విలియమ్స్ రచన పుటలపై ఉంది కాబట్టి దాన్ని ఎవరైనా విశ్లేషించవచ్చు, మరో బృందం మళ్లీ వాయించవచ్చు. పలక దరువుకు ఆ వసతి లేదు. రాతకున్న ఈ శక్తిని మదనపల్లె ఒకసారి చూసింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చినప్పుడు, ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీకి స్వరలిపి కూర్చారు. గొంతులో ఉన్న బాణీ కాగితం మీదికి వచ్చింది. కీలుగుర్రం దరువుకు కావలసింది కూడా అటువంటి లిపే. అయితే స్వరాలకంటే మాత్రలు ముఖ్యమైన ఈ దరువుకు పాశ్చాత్య స్వరలిపి కన్నా గురులఘువులే తగినవి. అవి తెలుగు శాఖల్లో అందరికీ తెలిసినవే. మూడు భాషల సరిహద్దులోని కుప్పంలో 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయం ఈ పనికి అనువైన స్థలం. దరువు నడక నుంచి దౌడుకు మారేచోట ఏ గణం విడిపోతుందో, ఏ మాత్ర కుదించుకుపోతుందో గుర్తించి, దాన్ని తురగవల్గనం పక్కన నిలిపి చూడటంతో ఈ పరిశీలన మొదలుపెట్టవచ్చు.