పసిబిడ్డకు నీటితో తొలి పరిచయము

నవమాసములు గర్భోదకమునందు తేలియాడిన శిశువునకు నీరు క్రొత్త కాదని తలంచుట సహజమే గాని, ఆ తలంపునుండియే పసిబిడ్డ ఈత నేర్చియే పుట్టునను భ్రమ కూడ ప్రబలినది. ఈ భ్రమకు మూలమైన వింత యొకటి నిజముగా కలదు. మిర్టిల్ మెక్‌గ్రా యను అమెరికా శాస్త్రజ్ఞురాలు, పదునొకండు దినముల శిశువు మొదలు రెండున్నరయేండ్ల బిడ్డ వరకు 42 మందిని నీటిలో పరిశీలించి, 1939లో ప్రకటించిన వ్యాసమున, తొలివారములలో నీటియందు బోర్ల ఉంచిన శిశువు కాలుసేతులను ఒక లయతో కదల్చుచు, ఊపిరి బిగబట్టి, కొంచెము ముందునకు సాగునని వ్రాసిరి.

తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది ఆ వ్యాసములోని తరువాతి భాగము. నాలుగైదు మాసములు నిండునప్పటికి ఆ లయ చెదరిపోవును. బిడ్డ వెల్లకిల తిరుగజూచును, నీరు మ్రింగును, దగ్గును, పెద్దల చేతికై తడుములాడును. తొలినాటి కదలిక మెదడు పైపొర పక్వము కాకమునుపటి ప్రతిక్రియ మాత్రమే. ఆ పొర వికసించుకొలది అది అణగిపోవును. బుద్ధిపూర్వకమైన ఈత చాలకాలమునకు గాని రాదు. కనుక పసికందును నీట ముంచి, ఈదుచున్నాడని మురియుట తగదు. శ్వాసద్వారము మూసికొను సహజరక్షణ పూర్తిగా నమ్మదగినది కాదు. అధికముగా మ్రింగిన నీరు రక్తమందలి సోడియమును తగ్గించి మూర్ఛలు తెప్పింపగలదు.

ఆ వయస్సున బిడ్డకు నీటియందు అలవడునది తన్ను పట్టిన చేతులమీది నమ్మకము. మన అమ్మమ్మలు, నాయనమ్మలు లాలపోయుటలో ఈ పాఠమునే చెప్పుచు వచ్చిరి. తొలిస్నానమును 24 గంటలైన ఆపుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బొడ్డు ఊడువరకు తడిగుడ్డతో తుడుచుట మేలు. ఆపైని పీటమీద కూర్చుండి, చాచిన కాళ్లపై బిడ్డను పరుండబెట్టి, వేడి చూచి, ముక్కులోనికి నీరు జారకుండ నుదుట అరచేయి అడ్డమిడి, మాటాడుచు పోయు ఆ నీళ్లలో ఎంత శాస్త్రమున్నదో! ముక్కులో నూనె పోయుట, సాంబ్రాణి పొగ దట్టముగ పట్టుట మాత్రము లేత ఊపిరితిత్తులకు కీడు, మానవలెను.

ఈతకొలనుకు కొనిపోవుటయు లాలకు పొడిగింపే. బరువుతో పోల్చిచూడ శిశువునకు చర్మవైశాల్యము అధికమగుటచే వేడిమి త్వరగా పోవును. కావున మూడుమాసములలోపు బిడ్డకు నీరు 32 డిగ్రీల వెచ్చదనమున నుండవలెను. పెద్దల కొలనులు సామాన్యముగా అంతకంటె చల్లనివి. తొలిసారి పది నిమిషములు చాలును. తల్లిగాని తండ్రిగాని బిడ్డను రొమ్మునకు హత్తుకొని భుజములవరకు నీట దిగి, ముఖము ముఖమున కెదురుగ నుంచి, మెల్లగా అటునిటు తేల్పవలెను. వణకినను, పెదవులు నీలించినను వెంటనే పైకి తీయవలెను. మెడచుట్టు తొడుగు గాలికట్లను శిశువుల నీటిచికిత్సలో వాడవలదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో హెచ్చరించినది.

సిగ్మండ్‌సన్, హాప్కిన్స్ అనువారు 2010లో ప్రకటించిన పరిశోధనలో, శైశవమున ఇట్లు నీటిలో ఆడిన 19 మంది నాలుగేండ్ల వయస్సున పట్టులోను, నిలకడలోను తోటివారిని మించిరి. ఇంత చిన్న సంఖ్యతో తీర్మానము చేయరాదు గాని, ఆశ కలుగుచున్నది. అయినను ఏడాదిలోపలి జలక్రీడ మునకనుండి కాపాడుననుటకు నిదర్శనము లేదని అమెరికా శిశువైద్యుల సంఘపు మతము. ఏడాది దాటినపిమ్మట నేర్పిన ఈత కొంత అపాయమును తగ్గింపవచ్చును. అందుచే కొలనులో ఆడిన బిడ్డయని ధైర్యపడి, పాకు వయస్సున స్నానాలగదిలో నిండు బకెట్టు ఉంచి తలుపు తెరచిపోరాదు. కొద్ది అంగుళముల నీటిలోనే ప్రాణములు కోల్పోయిన పసివారు కలరు. బకెట్టును వాడినవెంటనే బోర్లించుటయు, తొట్టికి మూతవేయుటయు, బిడ్డ నీటిదగ్గర నున్నంతసేపు పెద్దలొకరు చేయి చాచిన అందునంత చేరువలో నుండుటయు వలయును.