చప్పుడు లేని సినిమా పెట్టె, సిరికొండ ఎండ

టీవీ పక్కన పెట్టుకునే సినిమా కంప్యూటర్ చప్పుడు చేయకూడదని అందరూ కోరుకుంటారు. అందుకు చెప్పే ఉపాయాలు మాత్రం ఎక్కువగా చల్లటి దేశాల్లో, 22 డిగ్రీల గదుల్లో పరీక్షించి చెప్పినవి. నిజామాబాద్ జిల్లా సిరికొండలో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. పగలంతా కాగిన స్లాబు కింద, రాత్రి సినిమా పెట్టే వేళకు కూడా హాల్లో 38 డిగ్రీలు ఉండొచ్చు. చిప్పులో పుట్టిన వేడి ఎంత తొందరగా బయటికి పోతుందన్నది చిప్పుకూ గదిలోని గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. చిప్పును 80 డిగ్రీలు దాటనివ్వకూడదనుకుంటే 22 డిగ్రీల గదిలో 58 డిగ్రీల తేడా దొరుకుతుంది, 38 డిగ్రీల గదిలో 42 మాత్రమే. అదే హీట్‌సింక్ ఇక్కడ నాలుగో వంతుకు పైగా తక్కువ వేడిని లాగుతుందన్నమాట. అందుకే మన ఊళ్లలో నిశ్శబ్దం కావాలంటే ఫ్యాన్ల సంగతి తర్వాత, ముందు వాట్లు తగ్గించుకోవాలని నా వాదన.

తగ్గించడం కష్టమూ కాదు. 4కె సినిమాను విప్పి చూపించే పనికి చిప్పులోనే ప్రత్యేకమైన భాగం ఉంటుంది, ప్రాసెసర్ అసలు బలంతో దానికి పెద్దగా పని లేదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ 6 వాట్ల తరగతిది, అయినా హెచ్‌ఈవీసీ, ఏవీ1 అనే వీడియో ఫార్మాట్లు రెండింటినీ విప్పగలదు. రేపు పనికొస్తుందని 65 వాట్ల ప్రాసెసర్, పైన గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకుంటే, ఆ వేడిని తరమడానికి మళ్లీ ఫ్యాన్లు కొనాలి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఆ బరువంతా పడుతుంది కూడా.

అలాగని ఫ్యానే లేని పెట్టె కొనమని చెప్పను. మన ఎండాకాలంలో దానికి ఊపిరాడదు. వేడెక్కిన చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, బొమ్మ ఆగి ఆగి కదలొచ్చు. నెమ్మదిగా తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కటి ఉంటే మేలు. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగానికే తగ్గుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోయి చెవికి దాదాపు మూడో వంతుగా వినిపిస్తుంది. పెద్ద రెక్కలకు నెమ్మదిగా తిరిగినా సరిపడా గాలి అందుతుంది. అగ్గిపెట్టెలంత ఫ్యాన్లున్న బుల్లి పెట్టెలు అంతే గాలి కోసం వేగంగా తిరిగి సన్నగా కీచుమంటాయి.

కూలర్ మోతలో ఇదంతా ఎవరికి వినిపిస్తుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూలర్ నడిచే నెలల్లో నిజంగానే పెద్దగా వినిపించదు. కానీ వానలు మొదలై గాలిలో తేమ పెరిగితే కూలర్ పని చేయదు, చలికాలం రాత్రుల్లో సీలింగ్ ఫ్యాను కూడా ఆపేస్తాం. పైగా ఒకే తీరుగా సాగే మోతకు చెవి అలవాటు పడుతుంది, పెరుగుతూ తగ్గుతూ ఉండే చప్పుడుకు పడదు. మెల్లగా మాట్లాడుకునే సన్నివేశంలో మాటలు ఆ చప్పుడులో మునిగితే రిమోట్‌తో సౌండ్ పెంచుతాం; వెనకే వచ్చే ఫైటుకు పక్క గదిలో పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారు. గదిలో రొద తగ్గిన కొద్దీ తక్కువ సౌండ్‌తోనే సినిమా మొత్తం వినొచ్చు. నిశ్శబ్దానికి డబ్బు పెట్టడం దండగ కాదని నేననేది అందుకే.

దుమ్ము సంగతి కూడా ఇక్కడ వేరు. పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఆరబోసి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టే రోజుల్లో కల్లాల దగ్గరి ఇళ్లలోకి సన్నటి పొడి వస్తుంది. అది హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటే గాలి ఆడదు, ఫ్యాను వేగం పెంచుకుంటుంది, నిరుడు నిశ్శబ్దంగా ఉన్న పెట్టె ఈ ఏడు మోగుతుంది. గాలి లోపలికి వచ్చే చోట జాలీ పెట్టించి, పసుపు పని అయిపోగానే దులపాలి. అద్దాల తలుపులున్న షోకేస్‌లో మాత్రం పెట్టకూడదు. బయటికి పోయిన వేడిగాలే మళ్లీ లోపలికి వస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, టీవీకి స్ట్రీమింగ్ స్టిక్ పెడితే పోదా అనేవాళ్లూ ఉన్నారు. ఓటీటీ మాత్రమే చూసే ఇంటికి స్టిక్ చాలు, దానికి ఫ్యానే ఉండదు. కొన్ని ఓటీటీలు కంప్యూటర్ బ్రౌజర్‌లో పూర్తి నాణ్యత ఇవ్వవు కాబట్టి ఆ పనికి స్టిక్కే నయం. పెళ్లి వీడియోలు, పాత డీవీడీల నుంచి దాచుకున్న సినిమాలు, నెట్ లేని రోజు చూడాల్సినవి ఉన్న ఇంటికే ఈ పెట్టె. కోడి వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ పోస్టర్లతో సహా తెర మీద పేర్చి చూపిస్తుంది. అవి ఉండే పెద్ద హార్డ్‌డిస్కులు తిరుగుతూ గరగరమంటాయి గనుక వాటిని రౌటర్ ఉన్న మరో గదిలో పెట్టి కేబుల్‌తో కలిపితే, హాల్లోని పెట్టెకు చిన్న ఎస్‌ఎస్‌డీ ఒక్కటి సరిపోతుంది.