పందెపు కారును ఆపు మీట

డ్రాగ్ పందెమందు కార్లు పావుమైలు, అనగా సుమారు 402 మీటర్లు, తిన్నని బాటపై పరుగిడును. పాత కారును దీనికై సిద్ధపరచువారు డైనమోను తీసి, ఇంజను మెల్లగా తిరిగినను చాలినంత విద్యుత్తు నిచ్చు ఆల్టర్నేటరును అమర్చుదురు. మన కరీంనగరపు లారీలలో నున్నదియు నదియే. వెనుక చక్రములు నేలను గట్టిగా పట్టుటకై బ్యాటరీని వెనుకకు మార్చుదురు. అట్టి కారునకు, ప్రమాదవేళ బయటివారు విద్యుత్తును ఆపుటకై, వెనుకవైపున నొక మీట ఉండవలెననుట అమెరికా పందెముల నియమము.

అయితే ఆ మీట బ్యాటరీని మాత్రమే విడదీసిన చాలదు. తిరుగుచున్న ఆల్టర్నేటరు ఇంజనులోని నిప్పురవ్వకును, పెట్రోలు పంపునకును విద్యుత్తు నందించుచునే యుండును, ఇంజను ఆగదు. పెట్రోలు చిందినచోట అది యెంత కీడో యూహింపుడు! కావున రెండింటి విద్యుత్తును ఆ మీటతోనే తెగునట్లు కూర్చి, ఇంజను నడుచుచుండగా పరీక్షింపవలెను. వేగమును కోరువాడు ముందుగా ఆపు వెరవును నేర్వవలెను.