వడగాలిని నమ్ముకున్న యంత్రం

నడివేసవిలో రామగుండంలోని ఒక ఇంట్లో కూలర్ ముందు కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. అదే కూలర్‌ను తీసుకెళ్లి కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో పెడితే, అరగంటకల్లా ఒళ్లు జిడ్డు పట్టి, దుప్పటి చెమ్మగిల్లి, దీనికంటే ఉత్త ఫ్యానే నయమనిపిస్తుంది. మోటారు అదే, పంపు అదే, నీళ్లూ నీళ్లే. మారిందల్లా బయటి గాలి. ఎయిర్ కూలర్ చల్లదనాన్ని తనంతట తాను పుట్టించలేదు. పొడిగాలికి ఉన్న దాహాన్ని అది వాడుకుంటుంది. మనల్ని మాడ్చే వడగాలే దానికి పెట్టుబడి. ఈ సంగతి తెలియకపోవడం వల్లే చాలా ఇళ్లలో ఆ యంత్రం చేయగలిగిన మేలు సగం కూడా అందడం లేదు.

నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. పొయ్యి లేనిచోట ఆ వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. ఎండాకాలంలో ఒక లీటరు నీరు ఆవిరైపోవడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. అంత వేడితో ఏడు లీటర్లకు పైగా నీళ్లను మరిగేదాకా కాచవచ్చు. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలో గుప్తోష్ణంగా ఉండిపోతుంది. గాలి మాత్రం చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ, చెమట ఆరితే ఒంటికి హాయి అనిపించేదీ ఇందుకే. 1758లో కేంబ్రిడ్జిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ హ్యాడ్లీ కలిసి థర్మామీటర్ గుండును ఈథర్‌తో మళ్లీమళ్లీ తడుపుతూ తిత్తితో గాలి ఊదారు. పాదరసం సున్నా డిగ్రీలు దాటి దాదాపు మైనస్ 14 సెల్సియస్ దాకా దిగింది, గుండు చుట్టూ మంచు పేరుకుంది. ఆ ప్రయోగం చేసింది చలికాలంలో కాదు.

వాళ్లు థర్మామీటర్ మీద చూసిన సంగతిని మన దేశంలో అప్పటికే ఇళ్ల మీద వాడుతున్నారు. వట్టివేళ్లతో గుడిసెలు కట్టించి వాటి మీద నీళ్లు పోయించే ఏర్పాటు అక్బరు చేయించాడని అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో రాశాడు. తర్వాత గుమ్మాలకూ కిటికీలకూ వట్టివేళ్ల తడికెలు వచ్చాయి. ఉత్తరాదిలో వీటిని ఖస్ తట్టీలన్నారు, హైదరాబాదులోనూ ఆ మాట ఉంది. పడమటి గాలి తగిలే వైపు తడికె కట్టి, అది ఆరకుండా తడుపుతూ ఉంటే గదిలోకి వచ్చే గాలి చల్లగా, వేళ్ల వాసనతో వచ్చేది. వట్టివేరు ఎంపికలో గొప్ప తెలివి ఉంది. సన్నటి వేళ్లు దట్టంగా అల్లుకుని ఉండటం వల్ల కొద్ది చోటులోనే గాలికి తగిలే తడి ఉపరితలం చాలా ఎక్కువ. తడిసి ఆరి, ఆరి తడిసినా త్వరగా కుళ్లదు.

తడికెకు ఒకటే చిక్కు. గాలి వీస్తేనే పని, వీయకపోతే తడి గుడ్డే. ఈ చిక్కును విప్పిన యంత్రం 1830 ప్రాంతంలో ఉత్తర భారతంలోని ఇంగ్లీషువాళ్ల బంగళాల్లో కనిపించింది. దాన్ని థర్మాంటిడోట్ అన్నారు. నిజానికి అది ధాన్యాన్ని తూర్పారబట్టే యంత్రమే. దాన్ని కిటికీకి బిగించి చుట్టూ తడి తడికెలు కట్టారు. బయట నిలబడిన మనిషి చక్రం తిప్పితే లోపలి రెక్కలు తిరిగి, గాలిని తడికెల గుండా లాగి గదిలోకి తోస్తాయి. తడి మెత్త, నీళ్లు, గాలిని లాగే రెక్కలు: నేటి కూలర్‌లో ఉన్న మూడూ అందులో ఉన్నాయి. లేనిది కరెంటు ఒక్కటే.

ఆ చక్రం తిప్పినవాళ్లూ, తడికెల మీద నీళ్లు చల్లినవాళ్లూ ఎండలోనే నిలబడ్డారు. లోపలి దొరకు చల్లగాలి, బయటి కూలివాడికి వడదెబ్బ. యంత్రాల చరిత్ర రాసేవాళ్లు ఎవరు కనిపెట్టారనే చూస్తారు, ఎవరు తిప్పారని అడగరు. కూలర్ కథలో నాకు అన్నిటికంటే పెద్ద మలుపుగా కనిపించేది చిన్న ఎలక్ట్రిక్ మోటారు రావడమే. ఒక మనిషి చల్లబడటానికి ఇంకో మనిషి మాడాల్సిన అవసరం దానితో పోయింది.

మోటారు కలిసిన కూలర్ ఊపందుకున్నది అమెరికాలోని అరిజోనా ఎడారిలో. ఫీనిక్స్, టూసాన్ పట్టణాల్లో జనం వేసవి రాత్రుళ్లు వరండాల్లో తడి దుప్పట్లు వేలాడదీసుకుని వాటి వెనక పడుకునేవారు. 1920లు, 30లలో కొందరు రెండు తీగ వలల మధ్య ఆస్పెన్ చెక్క తురుము కూరి, పైనుంచి నీళ్లు కారే ఏర్పాటు చేసి, వెనక కరెంటు ఫ్యాను పెట్టారు. 1939లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్, పాల్ థార్న్‌బర్గ్‌లు ఇలాంటి కూలర్‌ను ఎలా కట్టుకోవాలో, గదికి ఎంత గాలి కావాలో లెక్కలతో సహా చిన్న పుస్తకం అచ్చువేశారు. ఒక విశ్వవిద్యాలయం ఇంటి చల్లదనాన్ని పరిశోధనాంశంగా తీసుకుని, ఫలితాన్ని మామూలు మనిషి చేతిలో పెట్టడం నాకు ఎంతో నచ్చిన ఘట్టం.

మన దేశంలో ఇది డెజర్ట్ కూలర్‌గా స్థిరపడింది. దీనికి భారతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 3315. అయినా కూలర్ మనకు దగ్గరైంది ప్రమాణాల పుస్తకం వల్ల కాదు, వీధి చివర వెల్డింగ్ షాపుల వల్ల. ఇనుప రేకు డబ్బా, మూడు వైపులా ఊడదీసే జాలీలు, నాలుగో వైపు ఫ్యాను, అడుగున తొట్టి, అందులో మునిగి ఉండే చిన్న పంపు. ఏ భాగం చెడినా అదే వీధిలో బాగుచేసేవాడు దొరుకుతాడు.

మార్చి వస్తూనే రోడ్డు పక్కన కూలర్ గడ్డి కట్టలు కనిపిస్తాయి. అది గడ్డి కాదు, దారాల్లా చీరిన చెక్క తురుము. మెకానిక్ జాలీ ఊడదీసి తిరగేస్తే పాత గడ్డి అట్టలా గట్టిపడి ఉంటుంది. బోరునీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుని చేత్తో విరిస్తే పెళుసుగా విరుగుతుంది. దాన్ని గీకి పారేసి, కొత్త గడ్డిని పాయలు పాయలుగా విదిలించి వలలో పరుస్తాడు. మరీ పలచగా పరిస్తే సందుల్లోంచి వేడిగాలి తడి తగలకుండానే దూరిపోతుంది. మరీ కూరితే ఫ్యాను గాలి లాగలేక మూలుగుతుంది. ఎంత మందం వేయాలో అతని అరచేయికి తెలుసు. చివరగా పైనున్న పైపు రంధ్రాలను పిన్నుతో ఒక్కొక్కటే పొడిచి, నీళ్లు వదిలి, గడ్డి మీద పొడి చార మిగలకుండా చూస్తాడు. ఆ పొడి చార మిగిలితే అక్కడినుంచి వచ్చేది వడగాలే.

ఇప్పుడు రామగుండం, కాకినాడ తేడాకు వద్దాం. థర్మామీటర్ గుండుకు తడి దూది చుట్టి గాలి విసిరితే కొద్దిసేపటికి పాదరసం దిగి ఒకచోట ఆగుతుంది. అది తడి బల్బు ఉష్ణోగ్రత. ఇలాంటి ఏ కూలరూ గాలిని అంతకంటే కిందకు దించలేదు. మెత్తలు బాగుంటే, మామూలు ఉష్ణోగ్రతకూ దీనికీ మధ్య ఉన్న తేడాలో 80 శాతం దాకా దించగలదు. ఎండ 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం తడి బల్బు 24 దగ్గర ఉంటుంది. తేడా 18, అందులో 80 శాతమంటే 14. కూలర్ నుంచి 28 డిగ్రీల గాలి వస్తుంది. తీరంలో 36 డిగ్రీల ఎండకు 60 శాతం తేమ ఉంటే తడి బల్బే 29 దాటుతుంది. దిగేది అయిదు డిగ్రీలు, అదీ గదిలో తేమను ఇంకా పెంచి. తేమ నిండిన గాలిలో మన చెమట ఆరదు. ఒంటికి ఉన్న సొంత కూలర్‌ను ఇనుప కూలర్ ఆపేసినట్టవుతుంది.

కార్తెల లెక్క తెలిసినవాళ్లకు ఇది ఇంకా తేలికగా అర్థమవుతుంది. కృత్తిక, రోహిణి కార్తెలు కూలర్‌కు మంచి రోజులు. మృగశిర వచ్చి మబ్బులు కమ్మాక అదే కూలర్ ఉక్కపోత పెంచుతుంది. కోస్తాలోనూ అన్ని రోజులూ ఒకటి కావు. మే నెలలో సముద్రపు గాలి లోపలికి రాకుండా పడమటి, వాయవ్యపు పొడిగాలి అడ్డుకున్న రోజున విజయవాడ కూడా పొడిబారి మండుతుంది. 2015 మే వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోతే అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. గాలి అంత పొడిబారిన రోజుల్లో తీరంలో కూడా కూలర్ బాగా పనిచేస్తుంది. జనాన్ని చంపే గాలే దానికి బలం ఇస్తుంది.

కాబట్టి కూలర్ పెట్టి తలుపులన్నీ మూయడం ఏసీ అలవాటు. కూలర్‌కు అది విషం. కూలర్ కిటికీ బయట ఉండి బయటి పొడిగాలిని పీల్చాలి, ఎదురు వైపు కిటికీ తెరిచి ఉండాలి. గది గాలినే మళ్లీమళ్లీ తడిపితే గంటలో ఆ గదీ కాకినాడే. తొట్టిలో ఐసు వేయడం మీద ఉన్న నమ్మకం కూడా లెక్కకు నిలవదు. కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడి 334 కిలోజౌళ్లు. కిలో నీరు ఆవిరి కావడానికి తీసుకునేది దానికి ఏడింతలు. ఐసుకు పెట్టే డబ్బు కొత్త గడ్డికి పెట్టడం మేలు.

1988లో అహ్మదాబాదులో మొదలైన సింఫనీ లాంటి కంపెనీలు రేకు డబ్బాను ప్లాస్టిక్‌లోకి మార్చి, తోపుడు చక్రాలు పెట్టి, కూలర్‌ను ముందుగదికి తెచ్చాయి. గడ్డి స్థానంలో తేనెపట్టులా గదులున్న కాగితపు ప్యాడ్లు వచ్చాయి. ఈ తరహా ప్యాడ్‌కు పేరుతెచ్చిన సంస్థను స్థాపించిన స్వీడన్ ఇంజినీరు కార్ల్ మంటర్స్, అంతకుముందు 1922లో విద్యార్థిగా ఉండగానే మిత్రుడు బాల్ట్‌జర్ వాన్ ప్లాటెన్‌తో కలిసి కంప్రెసర్ లేని ఫ్రిజ్‌ను కనిపెట్టినవాడు. అడ్డదిడ్డంగా వంకర తిరిగిన మడతల వల్ల నీరు ఒకవైపు, గాలి ఒకవైపు జారుతూ పూర్తిగా కలుస్తాయి. గడ్డిలా ఏటా మార్చే పనీ తప్పుతుంది.

ఏసీ కూలర్‌కు అన్న కాదు, వేరే వంశం. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం దాన్ని రూపొందించింది గాలిలో తేమ తీయడానికి. కూలర్ తేమ కలుపుతుంది. తీరంలో, వానాకాలంలో ఏసీకి సాటి లేదు, అది ఒప్పుకోవాలి. కానీ టన్నున్నర ఏసీ నడవడానికి 1,500 వాట్ల దాకా కావాలి, ఇంటి కూలర్‌కు 200 చాలు. ఏసీ లోపలి వేడిని వీధిలోకి కక్కుతుంది, కూలర్ కక్కదు. తెలంగాణలో, రాయలసీమలో ఏప్రిల్, మే నెలలకు కూలర్‌ను పేదవాడి ఏసీ అనడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఆ గాలికి సరిపడే యంత్రం అదే. దానికి ఖర్చయ్యేది నీళ్లు. ఎండ మండే వేళ పెద్ద కూలర్ గంటకు 10 లీటర్లకు పైగా తాగుతుంది. ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీల్లో అది చిన్న సంగతి కాదు, ఆ లెక్క వేసుకునే కొనాలి.

రెండు ప్రమాదాలు మాత్రం ఎప్పుడూ గుర్తుండాలి. నిలవ నీళ్లలో ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది, డెంగీని మోసేది అదే. నీళ్లు పారబోస్తే చాలదు, గుడ్లు తొట్టి గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. వారానికి ఒకసారి తొట్టి ఖాళీ చేసి, గోడలను పీచుతో గట్టిగా రుద్దండి. ఇనుప డబ్బా, నీళ్లు, కరెంటు కలిసిన చోట ప్రాణాలు పోతున్నాయి, పిల్లలవి కూడా. ఈ వేసవికి కూలర్ దించేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి, మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. తొట్టిలో నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గు ఊడదీయండి. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఇది అలవాటు చేయండి.