సైకిల్ బాటలో మన భద్రత – తెలుసుకోవలసిన విషయాలు

హాస్టల్లో ఉండి చదువుకునే మనలాంటి వాళ్లకు సొంత బండి అంటూ ఉంటే అది సైకిలే. దానికి పెట్రోలు పోయనక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, బస్సు కోసం గంటలకొద్దీ నిలబడనక్కరలేదు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకం మీద కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని, చేరికలో మగపిల్లలకు, ఆడపిల్లలకు మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గిందని అందులో తేలింది. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించింది. సైకిల్ చదువును ఎంత దగ్గర చేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అయితే సైకిల్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. అది నడిచే బాట కూడా మంచిదై ఉండాలి. ఆ బాట గురించే ఈ వ్యాసంలో రాస్తున్నాం. మేమంటే ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు పి.జి. చేస్తున్న కొందరు పాత విద్యార్థులం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. "దారిలో ఎవడో ఏదో అన్నాడంట, ఇక పిల్లను పంపొద్దు" అనే మాట మా వాడల్లో చాలాసార్లు విన్నాం. ఒక పిల్ల చదువు అలా ఆగిపోతే, ఆ ఇంట్లో ఆమె తరువాతి చెల్లెళ్ల చదువు కూడా ప్రశ్నలో పడుతుంది. కాబట్టి దారిలో భద్రత అనేది మన చదువులకు సంబంధించిన విషయమే.

రెండు రకాల భయాలు

రోడ్డు మీద సైకిల్ తొక్కేవారికి మొదటి భయం బండ్ల వల్ల. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. లారీలకు, కార్లకు దూరంగా ఉండాలని మనం వేరే బాట చూసుకుంటాం. కాలువ గట్టు, చెరువు కట్ట, రైలు పట్టాల పక్క దారి, పార్కు చుట్టూ వేసిన ట్రాకు అలాంటివే.

అక్కడ రెండో భయం మొదలవుతుంది. అది మనుషుల వల్ల కలిగే భయం. ఫోను లాక్కునేవాడు, మెడలో గొలుసు తెంచేవాడు, వెంటపడి వేధించేవాడు, తాగి అడ్డం నిలబడేవాడు ఇలాంటి చోటనే కాచుకుని ఉంటారు. బండ్లు రాని చోటికి జనం రాకపోకలు కూడా తక్కువే కదా! బండ్ల నుంచి మనల్ని కాపాడే బాటే ఒక్కోసారి మనల్ని ఒంటరిని చేస్తుంది. ఈ చిక్కును అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన వేసిన సైకిల్ ట్రాకును చూడండి. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ ట్రాకు పొడవు 23 కిలోమీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. ఒక భాగం నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వరకు, ఇంకొక భాగం నార్సింగి నుంచి కొల్లూరు వరకు ఉంది. పైన సోలార్ పలకల కప్పు వేశారు. ఎండ, వాన, బండ్ల బాధ లేకుండా తొక్కవచ్చు. ఇది మెచ్చుకోదగ్గ పనే. కానీ ఇంత పొడవైన ట్రాకు ఎక్కడ వేసినా, లోపలికి వెళ్లే దారులు, బయటికి వచ్చే దారులు కొన్ని చోట్లే ఉంటాయి. నడుమ టైరు పంక్చరైనా, వెనుక ఎవరైనా వెంబడించినా పక్క సందులోకి తిరిగిపోవడానికి వీలుండదు. కప్పు ఎండను ఆపగలదు గాని దొంగను ఆపలేదు.

పెద్దవాళ్లు తిరిగే పేట అయితే భయం లేదనుకోవడం కూడా పొరపాటు. హైదరాబాదులో నడకకు పేరుపడ్డ కె.బి.ఆర్. పార్కు దగ్గర 2021 నవంబరులో, రాత్రివేళ నడుస్తున్న ఒక సినీనటి మీద దాడి చేసి ఫోను లాక్కుపోయారు.

బాటను కాపాడేది ఎవరు?

జేన్ జేకబ్స్ అనే అమెరికా రచయిత్రి 1961లో నగరాల గురించి ఒక పుస్తకం రాసింది. వీధిని మొదట కాపాడేది పోలీసులు కాదని, ఆ వీధిలో మసలే మామూలు మనుషుల చూపేనని ఆమె వాదించింది. మన ఊళ్లకు ఈ మాట బాగా సరిపోతుంది. టీ బడ్డీ, పంక్చర్ షాపు, ఇస్త్రీ బండి, మొక్కజొన్న పొత్తులు కాల్చే అవ్వ ఉన్నచోట దొంగ వెనకాడతాడు. అందం కోసమని బడ్డీలన్నీ తీసేసి, ఇరువైపులా ఎత్తుగా గోడలు కడితే ఆ బాట చూడటానికి శుభ్రంగా ఉంటుంది గాని, చీకటిపడ్డాక అందులోకి వెళ్లాలంటే గుండె ఝల్లుమంటుంది.

కొత్త బాటలో వెళ్లేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. చూపు: అరిస్తే వినేవాళ్లు, చూసేవాళ్లు దగ్గరలో ఉన్నారా? పొదలు, గోడలు అడ్డం ఉన్నాయా?
2. వెలుగు: దీపాలు వరుసగా వెలుగుతున్నాయా? వెలుగు తరువాత పెద్ద చీకటి మడుగు ఉంటే అదే ప్రమాదపు చోటు.
3. దారి: ఇబ్బంది వస్తే ఎంత దూరంలో బయటపడగలం?
4. వేళ: ఉదయం జనం ఉండే బాట మధ్యాహ్నం రెండింటికి నిర్మానుష్యంగా ఉండవచ్చు. మనం వెళ్లే వేళకు అక్కడ ఎవరుంటారు?

ఆడపిల్లల సంగతి

గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద పరిశోధన చేసింది. దారి భద్రంగా ఉంటుందంటే చాలామంది అమ్మాయిలు మంచి కాలేజీని వదులుకుని, అంతకంటే తక్కువ స్థాయి కాలేజీలో చేరడానికి సిద్ధపడుతున్నారని ఆమె తేల్చింది. వేధించేవాడు దారిలో నిలబడితే, మార్కులు తెచ్చుకున్న పిల్ల తన సీటు వదులుకుంటోందన్నమాట! తప్పు చేసినవాడికి ఏ నష్టమూ లేదు.

దీనికి మందు ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాదిమంది పల్లె స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. కూలికి వెళ్లే తల్లులు, క్వారీల్లో పనిచేసేవాళ్లు కూడా అందులో ఉన్నారు. మొదట ఎగతాళి చేసినవాళ్లున్నారు. అందరూ కలిసి తొక్కడంతో ఆ ఎగతాళి ఎక్కువ కాలం నిలబడలేదు. ఒక్కతే వెళితే వింతగా చూసే జనం, పదిమంది వెళితే అలవాటు పడతారు.

మనం తీసుకోవలసిన జాగ్రత్తలు

• ఒకే కాలేజీకి వెళ్లేవాళ్లు ఒకే వేళకు బయలుదేరండి. కనీసం ఇద్దరుండాలి.
• ఏ దారిన వెళుతున్నారో, ఎప్పటికి చేరతారో హాస్టల్లో ఒకరికి చెప్పండి.
• ఫోను చేతిలోనో చొక్కా పై జేబులోనో పెట్టుకోకండి. సంచి లోపలి అరలో పెట్టండి. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే వెనుక వచ్చే బండి చప్పుడూ వినబడదు, మనిషి అడుగూ వినబడదు.
• ముందు లైటు, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్, మెడలో ఒక ఈల ఉంచుకోండి. ఖర్చు తక్కువ, ఉపయోగం ఎక్కువ.
• గాలి, బ్రేకులు, చైను వారానికొకసారి చూసుకోండి. నిర్జన ప్రదేశంలో బండి ఆగిపోవడమే సగం ప్రమాదం.
• సైకిల్‌కు నంబరు ప్లేటు ఉండదు. దానికి గుర్తు ఫ్రేము మీద చెక్కిన నంబరు ఒక్కటే. చాలా సైకిళ్లకు అది పెడళ్ల దగ్గర, ఫ్రేము అడుగున ఉంటుంది. ఆ నంబరు, కొన్న రశీదు ఫోటో తీసి దాచుకోండి. తాళం వేసేటప్పుడు గొలుసును చక్రంతో పాటు ఫ్రేములోంచి కూడా తిప్పి స్తంభానికి కట్టండి.
• ఎవరైనా కత్తి చూపి ఫోను అడిగితే ఇచ్చేయండి. ఫోను మళ్లీ కొనుక్కోవచ్చు, ప్రాణం కొనలేం.

జరగరానిది జరిగితే

వెంటనే 112కు ఫోను చేయండి. మహిళలకు 181, పిల్లలకు 1098 కూడా ఉన్నాయి. తెలంగాణలో 2014 అక్టోబరు నుంచి షీ టీములు పనిచేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది.

ఫోను పోతే ముందు పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ తరువాత కేంద్ర ప్రభుత్వపు సి.ఇ.ఐ.ఆర్. పోర్టల్లో దాన్ని ఎక్కడా పనిచేయకుండా బ్లాక్ చేయించవచ్చు. దానికి ఐ.ఎం.ఇ.ఐ. నంబరు కావాలి. ఫోనులో *#06# నొక్కితే ఆ నంబరు కనిపిస్తుంది. ఈ రోజే నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 304వ సెక్షన్ లాక్కుపోయే దొంగతనాన్ని ప్రత్యేక నేరంగా చేర్చింది. స్త్రీ వద్దంటున్నా పదేపదే వెంటపడటం 78వ సెక్షన్ కింద, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటలు, సైగలు 79వ సెక్షన్ కింద నేరం. "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అని ఫిర్యాదును తిప్పి పంపకూడదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే విషయమంతా రాసి ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు. పదిమంది ఎదుట కులం పేరుతో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 వర్తిస్తుంది. దాని కింద ఎఫ్.ఐ.ఆర్. కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కరలేదని 2018 సవరణ చెబుతోంది.

అనుమానం కూడా ఒక ప్రమాదమే

ఇంకొక విషయం ఉంది. దీని గురించి సాధారణంగా ఎవరూ రాయరు. దొంగల భయం పెరిగినచోట పేద పిల్లల మీద అనుమానం కూడా పెరుగుతుంది. పెద్ద కాలనీ పక్క బాటలో మన తమ్ముడు సైకిల్ మీద వెళితే "ఎవరు నువ్వు? ఈ సైకిల్ ఎక్కడిది?" అని ఆపుతారు. మాలో కొందరికి ఇది ఎదురైంది.

అనుమానం ఎంతవరకు పోగలదో న్యూయార్క్ సెంట్రల్ పార్కు కేసు చెబుతుంది. 1989 ఏప్రిల్ 19 రాత్రి ఆ పార్కులో ఒక కుర్రాళ్ల గుంపు సైకిళ్ల మీద వెళ్లేవాళ్ల మీద, పరుగు తీసేవాళ్ల మీద పడింది. అదే రాత్రి పరుగుకు వచ్చిన ఒక యువతి మీద ఘోరమైన అత్యాచారం జరిగింది. పోలీసులు 14 నుంచి 16 ఏళ్ల వయసున్న ఐదుగురు పిల్లలను పట్టుకుని గంటల తరబడి ప్రశ్నించి, నేరం ఒప్పుకున్నట్టు వాంగ్మూలాలు తీసుకున్నారు. వారిలో నలుగురు నల్లజాతి పిల్లలు, ఒకరు లాటిన్ అమెరికా మూలాలున్నవాడు. డి.ఎన్.ఎ. సరిపోలకపోయినా 1990లో శిక్షలు పడ్డాయి. 2002లో అసలు నేరస్థుడు ఒప్పుకున్నాడు, అతని డి.ఎన్.ఎ. సరిపోయింది. ఐదుగురి శిక్షలూ రద్దయ్యాయి. 2014లో నగరం వారికి సుమారు 4 కోట్ల 10 లక్షల డాలర్లు పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. జైల్లో పోయిన బాల్యం ఏ పరిహారంతోనూ తిరిగి రాదు. ఇటు ఆ యువతికి కూడా ఇన్నేళ్లూ అసలు న్యాయం జరగలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, ఎవరైనా ఆపితే పారిపోకండి, గొడవపడకండి. ఐడీ కార్డు, సైకిల్ రశీదు ఫోటో చూపండి. హాస్టల్‌కు ఫోను చేయమని అడగండి. 18 ఏళ్లలోపు వారిని పోలీసు లాకప్పులో గాని జైల్లో గాని పెట్టకూడదని, 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. పెద్దవారినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు.

మనం అడగవలసినవి

జాగ్రత్తలన్నీ మనమే తీసుకోవాలంటే అది న్యాయం కాదు. బాటను భద్రంగా ఉంచడం మున్సిపాలిటీ బాధ్యత, పోలీసుల బాధ్యత. మన హాస్టల్ నుంచి కాలేజీ వరకు ఉన్న దారిలో ఎన్ని దీపాలు వెలగడంలేదో, ఎక్కడ పొదలు పెరిగాయో, ఎక్కడ తాగుబోతులు కూర్చుంటున్నారో ఒక కాగితం మీద పటం గీయండి. అమ్మాయిల హాస్టల్ వాళ్లను కూడా అడిగి రాయండి, ఎందుకంటే మనకు కనిపించని భయాలు వాళ్లకు తెలుసు. దీపాలు బాగుచేయాలని, పొదలు కొట్టించాలని, కాలేజీ విడిచే వేళకు గస్తీ పెట్టాలని, పొడవైన బాటకు నడుమ బయటికి దారులు తెరవాలని అర్జీ రాయండి. బాట పక్క బడ్డీలను తీసేస్తామంటే వీధి వ్యాపారుల చట్టం, 2014 గుర్తుచేయండి. ఆ బడ్డీల వెనుక నిలబడేది చాలావరకు మన అమ్మానాన్నలే, సాయంత్రం మనకు కాపలా కూడా వాళ్లే.

ఆ అర్జీ మీద అందరూ సంతకాలు పెట్టి, వార్డెన్ గారికి చూపి, ఒక కాపీ మున్సిపల్ కమిషనర్ గారికి, ఒక కాపీ స్టేషన్‌కు, ఒక కాపీ సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. ఇచ్చిన ప్రతిచోటా రశీదు తీసుకోవడం మరవకండి. నెల రోజుల తరువాత ఆ పటం పట్టుకుని మళ్లీ అదే దారిన వెళ్లి, ఎన్ని దీపాలు వెలిగాయో లెక్కపెట్టండి. వెలగకపోతే రెండో అర్జీ రాయడానికి మేమూ వస్తాం.