గుమ్మడి తోటలో ఒక పిల్లవాడి ఎదురుచూపు

మా సంఘంలోని ఒక సహోదరి గత ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చారు. అమెరికాలో ఉన్న కూతురు వీడియో కాల్‌లో మనవడిని చూపించిందట. వాడు తెల్ల దుప్పటి కప్పుకొని దయ్యంలా నిలబడ్డాడట. ఈమె ఫోను పెట్టేసి మూడు రోజులుగా కూతురితో మాట్లాడడం లేదు. "అయ్యగారూ, బడిలో ఏదో గుమ్మడికాయ సినిమా కూడా చూపిస్తారట. చూడనివ్వొచ్చా?" అని కన్నీళ్లతో అడిగారు.

గుమ్మడికాయ అనగానే మనకు ఇంటి ముందు వేలాడే దిష్టి గుమ్మడికాయే గుర్తొస్తుంది. కాబట్టి ఆమె భయం నాకు అర్థమైంది. హాలోవీన్ అంటే అక్టోబరు 31, అంటే నవంబరు 1న వచ్చే సకల పరిశుద్ధుల పండుగకు ముందు రాత్రి. పేరు సంఘం నుండే వచ్చింది, దాని చుట్టూ చేరిన వేషాలన్నీ సంఘానివి కావు. 1517లో మార్టిన్ లూథర్ తన 95 సిద్ధాంతాలను ముందుకు తెచ్చిన రోజు కూడా అదేనని మనలో చాలామంది మరచిపోతుంటాం.

ఆ సినిమా నేను చూశాను. పేరు 'ఇట్స్ ది గ్రేట్ పంప్‌కిన్, చార్లీ బ్రౌన్'. 1966 అక్టోబరు 27న సీబీఎస్ టెలివిజన్‌లో మొదట ప్రసారమైంది. నిడివి 25 నిమిషాలే. పాత్రలు చార్లెస్ షుల్జ్ గీసిన 'పీనట్స్' బొమ్మల కథలోనివి. షుల్జ్ కొంతకాలం మెథడిస్టు సంఘంలో పెద్దల సండే స్కూలు తరగతి నడిపారు. తరువాత ఆయన ఆలోచనలు వేరే దారి పట్టిన మాట కూడా నిజమే. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆయన క్రిస్మస్ కార్టూన్‌లో లూకా సువార్త రెండో అధ్యాయం చెప్పిన పిల్లవాడు లైనస్. ఈ కథలోనూ ముఖ్యుడు వాడే.

ఇందులో నిజమైన దయ్యాలేవీ లేవు. పిల్లలు దుప్పట్లు కప్పుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. అందరి సంచుల్లో మిఠాయిలు పడితే చార్లీ బ్రౌన్ సంచిలో రాళ్లు పడతాయి. అక్క లూసీ మంత్రగత్తె ముసుగు వేసుకుంటుంది. పిల్లలు ఒకరినొకరు మొద్దులని తిట్టుకోవడం మాత్రం నాకు నచ్చలేదు.

లైనస్ మాత్రం వాళ్లతో వెళ్లడు. తోటలన్నిటిలోకీ ఎక్కువ నిజాయితీ గల గుమ్మడి తోటలో 'మహా గుమ్మడి' లేచి పిల్లలకు బహుమానాలు ఇస్తుందని నమ్మి రాత్రంతా కాపలా కాస్తాడు. వాడిని నమ్మి శాలీ అనే చిన్నపిల్ల మిఠాయిలు వదులుకొని పక్కన కూర్చుంటుంది. చీకట్లో లేచింది కుక్క స్నూపీ. మహా గుమ్మడే వచ్చిందనుకొని లైనస్ మూర్ఛపోతాడు. శాలీ కోపం చూడాలి!

ఇక్కడ తల్లిదండ్రులు సినిమా ఆపి ఒక మాట అడగవచ్చు: లైనస్‌ది నిజాయితీ కాదా? నిజాయితీయే. కానీ మనం ఎంత గట్టిగా నమ్మినా లేనిది ఉన్నదైపోదు. మన విశ్వాసానికి బలం మన పట్టుదల నుండి రాదు, నమ్మదగిన దేవుని నుండి వస్తుంది. ఇది ఆరేళ్ల పిల్లకు ప్రసంగంలో చెప్పడం కష్టం. ఈ తోట చూపించి చెప్పడం తేలిక.

నాకు బాగా నచ్చిన దృశ్యంలో మాటలే లేవు. తెల్లవారుజామున నాలుగింటికి లూసీ లేచి చూస్తే తమ్ముడి మంచం ఖాళీగా ఉంటుంది. రోజంతా వాడిని ఎగతాళి చేసిన అక్కే తోటకు వెళ్లి, చలికి వణుకుతున్న వాడిని ఇంటికి తెచ్చి, బూట్లు విప్పి పడుకోబెడుతుంది.

దయ్యం వేషం వద్దనుకునే ఇల్లు వద్దనుకోవచ్చు. విగ్రహాలకు అర్పించిన వాటి గురించి పౌలు మొదటి కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో రాసింది ఇలాంటి విషయాలకే పనికొస్తుంది. మనస్సాక్షి అంగీకరించని వారిని బలవంతపెట్టకూడదు. కానీ ఆ వేషం కోసం కూతురితో మాట మానేయమని అక్కడ ఎక్కడా లేదు. ఆ సహోదరితో ఇదే చెప్పాను. ముందు ఫోను చేయమన్నాను. సినిమా మనవడితో కలిసి వీడియో కాల్‌లో చూడమన్నాను. "నాకు ఇంగ్లీషు రాదు కదా" అన్నారు. లూసీ మంచం దిగే చోట ఇంగ్లీషు అవసరం లేదన్నాను.